చిల్లు మీద వేలు

కారు ఏసీలో గ్యాసు అయిపోదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే. పెట్రోలు అయిపోతుంది, వంటింట్లో సిలిండరు అయిపోతుంది, డబ్బాలో బియ్యం అయిపోతాయి. ఏసీ గ్యాసు అలాంటిది కాదు. గొట్టాల్లో పడి తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి రబ్బరు గొట్టాల్లోంచి రవంత ఊరితే ఊరుతుంది, అది వేరు. ఒక్క వేసవిలో ఖాళీ అయిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ఆ చిల్లు వెతక్కుండా గ్యాసు కొట్టి పంపేవాడు మెకానిక్కు కాదు. వాడు గ్యాసు అమ్ముకునేవాడు.

నేను బడికి వెళ్ళింది కొద్ది కాలమే. కూడబలుక్కుని చదువుతాను, నిదానంగా రాస్తాను. కానీ నెల్లిమర్లలో రోడ్డు పక్కనున్న మా ఇంటి ముందు, రేకుల పాక కింద, మా ఆయనతో కలిసి ఒక వయసంతా కార్ల ఏసీలు బాగుచేశాను. పాకకి బోర్డు లేదు. బాగుపడిన బండే బోర్డని నేను పెట్టనివ్వలేదు. ఇప్పుడు నడుం సహకరించడం లేదు. బానెట్లోకి వంగితే మళ్ళీ లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. చేత్తో చెయ్యలేనిది రాసైనా పెడదామని కూర్చున్నాను.

పేల దువ్వెన

మా ఆయన నాకు మేనబావ. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచాను. విశాఖలో ఒక షాపులో పని నేర్చుకుని వచ్చి ఇంటి దగ్గరే మొదలుపెట్టాడు. మొదట్లో నా పని టీ పెట్టడం, పనిముట్లు తుడిచిపెట్టడం, అంతే.

ఒకరోజు ఒక కారు కండెన్సరు విప్పి పీట మీద పెట్టుకున్నాడు. కారు ముందు జాలీ వెనకాల పలచటి రేకులు దగ్గర దగ్గరగా అల్లినట్టు ఉంటుందే, అది. లోపలి వేడిని బయటికి వదిలేది అదే. ఆ కారు గోనెల గోదాం పక్కన నిలబెట్టే బండి. రేకుల మధ్య జనపనార పీచు దట్టంగా కూరుకుపోయి ఉంది. బావ దాన్ని స్క్రూడ్రైవరుతో గుచ్చి లాగుతున్నాడు. నేను అరుగు మీద కూర్చుని చిన్నమ్మాయికి పేలు చూస్తున్నాను.

"అలగ గుచ్చితే రేకులు ముడుసుకుపోవా?" అన్నాను.

"నీకేటి తెలుసే? నువ్వు పేలు సూసుకో."

"పేలు సూసిన సెయ్యే సెప్తన్నాది. పక్కకి జరుగు బావా."

జరగలేదు. పీట నా వైపు లాక్కున్నాను. పిల్ల తలలోని దువ్వెన తీసి, రేకులు ఏ వాటాన ఉన్నాయో ఆ వాటానే పైనుంచి కిందికి దువ్వాను. పీచు పీచుగా వచ్చేసింది. వంగిన రేకులు నిలబడ్డాయి. తర్వాత వెనక వైపు నుంచి చెంబుతో నీళ్ళు పోసి కడిగాను. ముందు నుంచి పోస్తే చెత్త ఇంకా లోపలికి పోతుందని ఎవరూ చెప్పలేదు, పిండి జల్లెడని బోర్లించి కడిగే అలవాటుతో తెలుసుకున్నాను. సాయంత్రానికి ఆ కారులో కూర్చుంటే చలేసింది.

బావ మెచ్చుకోలేదు, అది ఆయన అలవాటు కాదు. మర్నాడు బజారు నుంచి ఇనప పళ్ళ పేల దువ్వెన ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు. "నీ కూతురిది దానికిచ్చీ. ఇది నీది." అదే నాకు పనిలోకి పిలుపు. ఆ దువ్వెన ఇంకా ఉంది, రెండు పళ్ళు మాత్రం పోయాయి.

మన వైపు కార్ల ఏసీలు పాడుచేసేది ఎక్కువగా ముందు జాలీలో చేరే చెత్తే. గజపతినగరం రోడ్డు మీద రైతులు రాగి కంకులు పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. గింజ వాళ్ళకి, పొట్టు మన కండెన్సరుకి. దసరా పూజకి పసుపు నీళ్ళు, కొబ్బరి పీచు. పెళ్ళికార్లయితే ఇంకా అన్యాయం. ఒకసారి ఊరేగింపు మధ్యలోంచి పెళ్ళికొడుకు మేనమామ ఫోను చేసి అరిచాడు. "మీరు బాగుసేసిన ఏసీయేనా ఇది? మావోడు పీటలెక్కకుండానే ఉడికిపోతన్నాడు!"

"బండి ముందర ఏటి కట్టినారు?"

"బంతిపూల దండలు. బ్రెమ్మాండంగా ఉన్నాయి."

"అవి కోసి పెళ్ళికొడుకు మెడలో ఎయ్యండి. బండికి గాలి ఒగ్గండి."

కాసేపటికి మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి భోజనానికి రమ్మన్నాడు.

ఇంట్లో చేసుకోగలిగినది, చేసుకోకూడనిది

ఏసీ చల్లగా లేదనగానే షాపుకి పరిగెత్తకండి. ముందు సీటు ఎదురుగా ఉన్న సొరుగు వెనకాల గాలి వడపోసే కాగితం ఫిల్టరు ఉంటుంది. దాన్ని లాగి చూడండి. వేపాకులు, కుక్క బొచ్చు, ఒక్కోసారి ఎలుక గూడు. బావ ఒకసారి అందులోంచి వేరుశనగ తొక్కలు దోసిళ్ళతో తీశాడు. తర్వాత ముందు ఫ్యాను తిరుగుతోందా చూడండి, ఫ్యూజు చూడండి, జాలీ కడగండి. బండి నీడలో నిలబెట్టి ఏసీ వేసి కాసేపాగి కింద చూడండి. చుక్కలు చుక్కలుగా నీళ్ళు పడుతుంటే భయపడకండి. లోపల గాలిలోని చెమ్మ చల్లబడి దిగుతోందన్న మాట. ఏసీ పనిచేస్తోందనడానికి ఆ నీళ్ళే గుర్తు.

గొట్టం నట్టు మాత్రం ముట్టుకోకండి. మా వీధిలో ఒకాయన ఫోనులో వీడియో చూసి విప్పాడు. గ్యాసు వేళ్ళ మీద కొట్టి తెల్లగా గడ్డకట్టినట్టయి బొబ్బలెక్కాయి. కంట్లో కొట్టుంటే చూపే పోయేది. గ్యాసు ఉన్న గొట్టం దగ్గర నిప్పు పెట్టకూడదు, ఆ పొగ విషం. చిల్లులు తనంతట అదే పూడ్చేస్తుందని డబ్బాల్లో అమ్మే మందు పోయకండి. అది చిల్లునీ పూడుస్తుంది, పూడకూడని సన్న దారులనీ పూడుస్తుంది. తర్వాత మొత్తం మార్చుకోవాలి.

చిల్లు వెతకడానికి మేం కుంకుడు నురగ వాడేవాళ్ళం. తలంట్ల రోజు మిగిలిన పిప్పి పారేయడం నాకు ఇష్టం ఉండదు. దాన్ని పిసికి, నురగ తీసి, కుంచెతో అతుకుల మీద రాస్తే, కారే చోట బుడగ లేస్తుంది. తర్వాత మంచినీళ్ళతో కడిగేస్తే చాలు.

బావ పెట్టిన నియమం

ఒక టాక్సీల యజమాని ఉండేవాడు. పది కార్లు తెచ్చి వరసగా నిలబెట్టి, "వెతకడాలూ గితకడాలూ వద్దు, గ్యాసు కొట్టి ఒగ్గేయండి. మళ్ళీ తగ్గితే మళ్ళీ వస్తాను" అన్నాడు. చేతినిండా పని. బావ ఒప్పుకోలేదు. నేను ఆ రోజు ఆయన మీద కేకలేశాను, అంత పని వదులుకుంటావా అని. "గ్యాసుతో పాటు లోపలి నూనె కూడా పోతాదే. నూనె లేకపోతే కంప్రెసరు బిగిసి పట్టీస్తాది. పట్టీసిన రోజున ఎవులిని తిడతాడు?" అన్నాడు. ఆ యజమాని వేరే చోటికి పోయాడు. ఏడాది తిరక్కుండా మెకానిక్కులందరినీ తిడుతూ వచ్చాడు. బావ చెప్పిందే జరిగింది.

అప్పటి నుంచే మా పాకలో ఈ నియమం. చిల్లు దొరికాక, బిగించే ముందు, బండి సొంతదారు వేలు దాని మీద పెట్టించాలి. బుడగ వాళ్ళ వేలి కింద పగలాలి. ఎందుకు పాడైందో కూడా అప్పుడే, అక్కడే చెప్పెయ్యాలి. కలెక్టరైనా సరే, కళాసీ అయినా సరే.

ఆ నియమం తప్పుదామని బావే అన్న రోజు ఒకటి ఉంది. ఇదంతా రాయడానికి కూర్చున్నది ఆ రోజు కోసమే.

నూకాలు బండి

భోగాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరి నుంచి నూకాలు అనే ఆమె ఒకప్పుడు మా వీధిలో చేపలు అమ్మేది. బేరం దగ్గర నేనూ ఆమే గట్టిగా పోట్లాడుకునేవాళ్ళం. నేను చేప మొప్పలు ఎత్తి చూసేదాన్ని, ఆమె అప్పా, అంటే అక్కా, అంటూనే నా చేతి మీద కొట్టేది. ఆమె మొగుడు గుజరాత్ పడవల మీదికి పనికి పోయి తిరిగి రాలేదు. పడవే దొరకలేదన్నారు. ఒక్కడే కొడుకు, దానేసు. వాణ్ణి అలాంటి పడవ ఎక్కనివ్వనని ఒట్టు పెట్టుకుంది. చెవులవీ ముక్కువీ అమ్మి, ఏడుగురు కూర్చునే పాత బండి కొని వాడి చేతికిచ్చింది. విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఆఫీసుల వాళ్ళ రాకపోకలు పెరిగాయి కదా, వాళ్ళని తిప్పేవాడు.

ఒక మండు వేసవిలో ఆ తల్లీ కొడుకులు బండి తెచ్చి మా పాకలో ఆపారు. ఏసీ చల్లగా లేకపోతే ఆఫీసు వాళ్ళు ఎక్కడం లేదు. దానేసు ఎక్కడెక్కడో గ్యాసు కొట్టించాడు. కొన్నాళ్ళు చల్లగా ఉంటుంది, మళ్ళీ ఉడికిపోతుంది.

"అప్పా, ఈపాలైనా నిలబడతాదా సెప్పు," అంది నూకాలు. "నేకపోతే వీడు నాకు దక్కడు. వానలు పడగానే గుజరాత్ పడవలెక్కుతానని కూలోళ్ళ మేస్త్రీకి మాటిచ్చీసినాడు. బండి అమ్మీస్తాడట."

దానేసు బండికి ఆనుకుని నేల చూస్తున్నాడు. "నిలబడదు పెద్దమ్మా. ఎన్నిసార్లు కొట్టించినా ఇంతే. అమ్మీసుకుంటే గొడవ ఒగ్గిపోద్ది."

"నిలబడదని నీకెలా తెలుసురా? నువ్వేటి మెకానిక్కువా?"

వాడు బండి అవతలి వైపుకి పోయాడు.

బావ ముందు భాగమంతా వెతికాడు. గొట్టాల్లోకి నైట్రోజన్ గాలి ఎక్కించి కండెన్సరు, అతుకులు, కంప్రెసరు, అన్నిటికీ నురగ రాశాం. ఎక్కడా బుడగ లేవలేదు. ఇలాంటి పెద్ద బండ్లకి వెనక సీట్ల వాళ్ళకి కూడా ఏసీ ఉంటుంది. దానికి గ్యాసు మోసుకెళ్ళే అల్యూమినియం గొట్టాలు బండి పొట్ట కింద నుంచి పోతాయి. బావకి మోకాళ్ళు వంగవు. బండిని ఎత్తి స్టాండుల మీద నిలబెట్టాక, నేనే గోనె పరుచుకుని కిందికి దూరాను.

మధ్య సీటు కిందికి వచ్చేసరికి ముక్కు చెప్పింది. గొట్టం అక్కడ సున్నం పూసినట్టు తెల్లగా పొక్కిపోయి ఉంది. నురగ రాశాను. చీమ తలంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బింది. పైకి చూశాను. నేల రేకులో ఉండాల్సిన రబ్బరు మూత లేదు. ఆ కంతలోంచి ఎండిన ధారల మరకలు సరిగ్గా గొట్టం మీదికి దిగాయి. నీచు వాసన.

నూకాలు రోజూ తెల్లారకుండా చేపల బుట్టలు ఈ బండిలోనే విజయనగరం బజారుకి తెస్తోందని అప్పుడు అర్థమైంది. ఆటో ఖర్చు ఎందుకని. ఐసు కరిగిన ఉప్పునీరు బుట్టల్లోంచి కారి గొట్టాన్ని తినేసింది. తర్వాత దానేసు బండి కడిగి, అగరొత్తి వెలిగించి, ఆఫీసు వాళ్ళ కోసం పోయేవాడు. కొడుకుని నిలబెట్టుకోడానికి కొన్న బండిని ఆ తల్లి బుట్టే తింటోంది. నేను కూడా ఆటో ఖర్చు మిగల్చుకునే మనిషినే. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. లేవబుద్ధి కాలేదు.

"ఏటే, దొరికిందా? అక్కడే తొంగున్నావేటి?" అన్నాడు బావ.

బయటికి వచ్చి ఆయన చెవిలో చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "సముద్రం గాలికి తినీసిందని సెప్పీ. ఆ ఊళ్ళో అన్ని బండ్లూ అలగే పోతాయి. గుంటడు తల్లి మీద పడతాడే, ఇంక ఆగడు."

"గాలని సెప్తే రేపు మళ్ళీ బుట్ట ఎక్కిస్తాది. మళ్ళీ చిల్లు పడతాది. అప్పుడు మాత్రం ఆగుతాడేటి? నీ నియమం ఏటైంది బావా?"

"నియమం సొంతదారుకే కదే," అన్నాడు. "బండి ఎవులి పేరు మీద ఉన్నాది?"

"నూకాలు పేరు మీద."

"అయితే దాని వేలే పెట్టించు."

దానేసుని టీ తెమ్మని పంపాను. నూకాలు చీర బిగించి, నా పక్కనే గోనె మీద దూరింది. ఇద్దరు ముసలివాళ్ళం బండి కింద వెల్లకిలా పడుకున్నాం. "ఇక్కడ పెట్టు వేలు," అన్నాను. పెట్టింది. బుడగ పగిలింది. తెల్లటి పొక్కు ఆమె వేలికి అంటుకుంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఇది గాలి ఉప్పు కాదప్పా," అంది. "కవళ్ళ సేపల నీరు. నా బుట్టది."

"అవునే."

"ఆడి నాన్నని సముద్రం తినీసింది. ఆడి బండిని నాను తినీసినాను."

అప్పుడు మా తలల పక్కన రెండు పాదాలు కనిపించాయి. దానేసు టీ పట్టుకుని ఎప్పుడో వచ్చేశాడు.

"అమ్మా, బయటికి రా. టీ సల్లారిపోతన్నాది."

"ఒరే, ఇదిగో, ఈ గొట్టం..."

"తెలుసే. మూతలు ఊడిపోయినాయని నానెప్పుడో సూసినాను. నీరు కారతన్నాదనీ, మూతలేసినా ఇంకోసోట దిగుతాదనీ తెలుసు."

"మరి సెప్పలేదేటిరా!"

"సెప్తే నువ్వు బుట్ట దింపీసుకుంటావు. బస్సోడు సేపల బుట్ట ఎక్కనివ్వడు. తెల్లారకుండా రోడ్డు మీద నెత్తిన బుట్టతో నిలబడతావు. నీ మెడ ఎలగున్నాదో నాకు తెలీదేటి? బండి దిగమని నీకెలా సెప్పమంటావు?" గొంతు తగ్గింది. "పడవ డబ్బులు పంపితే నువ్వు బుట్టే ఎత్తక్కర్నేదు. ఏసీ పాడయ్యి ఎల్లిపోనాడంటే బండి తప్పవుద్ది. నీ తప్పవదు గదా."

నూకాలు కింద నుంచే చెయ్యి చాపింది. అందింది చీలమండ, దాని మీదే ఫట్మని కొట్టింది. "ఎదవా! నా మెడ కోసం పడవెక్కుతావా? నీ అయ్య ఎందుకెక్కినాడో తెలుసా? నా సెవులకి తమ్మెట్లు సేయిత్తానని!" మళ్ళీ కొట్టింది. ఆ తర్వాత ఆ చీలమండని వదల్లేదు. వాడు టీ చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

బావ గోడ వైపు తిరిగి పానాలు సర్దడం మొదలెట్టాడు. సర్దాల్సినవేమీ అక్కడ లేవు.

తర్వాతది మామూలు పనే, కానీ కొత్తవాళ్ళ కోసం రాస్తున్నాను. తినేసిన ముక్క వరకే కాదు, దానికి అటూ ఇటూ మంచి లోహం తగిలే దాకా కోసేయాలి. కొత్త ముక్క పెట్టి అతుకులు బిగించాలి. గొట్టాన్ని నేల రేకుకి తగలకుండా కొత్త క్లిప్పులతో పట్టాలి. గాలంతా పంపుతో లాగేసి, మీటరు ముల్లు కదలకుండా నిలబడుతోందని చూశాకే గ్యాసు తూచి ఎక్కించాలి. నేల కంతలన్నిటికీ మూతలు వేశాం. మా పెరట్లో పగిలిన నీలం డ్రమ్ము ఒకటి ఉంటే నిలువునా కోయించి, తొట్టిలా బుట్టల కింద పెట్టించాను. దాని అడుగున పైపు బిగించి వెనక తలుపులోంచి బయటికి వదిలాం. డ్రమ్ము పారేద్దామని బావ ఎన్నోసార్లు అన్నాడు. ఎందుకు పారెయ్యనివ్వలేదో ఆ రోజు తెలిసింది.

బుట్టలు ఆ బండిలోనే పోయాయి. వానలు పడ్డాయి. మేస్త్రీ మనుషుల్ని తీసుకుని గుజరాత్ రైలెక్కించాడు. వాళ్ళలో దానేసు లేడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నా మాట ఒకటే. చిల్లు దొరకడంతో సగం పనే అవుతుంది. అది ఎందుకు పడిందో చెప్పడం రెండో సగం, కష్టమైనది అదే. ఎవరికి చెప్పాలో, ఎవరిని టీకి పంపాలో మీరే చూసుకోవాలి. కానీ చెప్పకుండా మాత్రం బిగించకండి.

బావ పోయాడు. పాకలో ఇప్పుడు మా మనవరాలు గౌరి పనిచేస్తోంది. దాని దగ్గర చిల్లులు కనిపెట్టే మిషను ఉంది, కీచుమని అరుస్తుంది. మంచిదే. అయినా కుంకుడు పిప్పి పారెయ్యనివ్వడం లేదు నేను.

ఏటా ఎండలు ముదిరేసరికి నూకాలు బండి వస్తుంది. గ్యాసు కోసం కాదు. బండి ఎత్తించి, తనే కిందికి దూరి ఆ కొత్త అతుకుల మీద వేలు పెట్టి చూసుకుంటుంది. మొన్నా వచ్చింది. నేను కుర్చీలోంచి లేవలేదు. దానేసు ఏసీ వేసి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె చాలాసేపు రాలేదు.

"ఒసే నూకాలు, ఏటి? తడుందా?" అని కేకేశాను.

పాకుతూ బయటికి వచ్చింది. వచ్చే దారిలో బండి ముందు భాగం కింద పడుతున్న చుక్కల్లో వేలు ముంచినట్టుంది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నా వైపు చాపింది.

"మంచినీళ్ళేనప్పా," అంది.